పరాయి చేతి తూటా

"ఈ యంత్రం తీసుకో ఆర్లిస్. పిడి లాగుతూ ఉంటే చాలు, తూటా మీద తూటా ఊడిపడుతుంది," అన్నాడు హాస్కెల్. సౌత్ డకోటాలోని ఆ చిన్న ఊళ్లో తుపాకుల కొట్టు అతనిదొక్కటే.

"ఊడిపడ్డవి చాలు. అలాంటిదే నా కొంప ముంచింది. ఒక్కొక్కటీ నా కళ్లెదుట తయారవ్వాలి. చేత్తో నొక్కేది చూపించు."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నావన్నమాట!"

"కాలినవి నా చేతులైతే బాగుండేది," అంది ఆర్లిస్. హాస్కెల్ యంత్రాన్ని పక్కకు జరిపాడు.

సంగతి ఊరందరికీ తెలిసిందే. కాల్చేసిన ఇత్తడి గొట్టాల్లో మళ్లీ తుపాకిమందు పోసి, గుండు బిగించి, ఇంట్లోనే పిస్తోలు తూటాలు చేయడం ఆర్లిస్ పని. వాటితో పోటీల్లో కాల్చడం ఆమె భర్త వెండెల్ పని. అక్కడివాళ్లకు ఒక నియమం ఉంది: పరాయి చేతి తూటా కాల్చకూడదు. ప్రాణస్నేహితుడు ఇచ్చినా సరే, నవ్వుతూ తీసుకుని ఇంటికెళ్లి ఓ మూల పడేస్తారు. పెళ్లాం పరాయిది కాదు గనక వెండెల్ ఇన్నేళ్లూ ఆమె చేసినవి తప్ప మరొకటి ముట్టలేదు. "మా ఆవిడకి సూపులో ఉప్పు తప్పుతుందేమో గానీ తూటాలో మందు తప్పదు," అని క్లబ్బులో కోతలు కోసేవాడు.

తప్పింది. పోయిన వేసవిలో ఒక చేత్తో యంత్రం పిడి లాగుతూ, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని చెల్లెలితో కబుర్లాడుతుంటే ఒక గొట్టంలో మందు రెండుసార్లు పడింది. పిస్తోలు వెండెల్ చేతిలోనే బద్దలైంది, బొటనవేలి కొస తెగిపోయింది. "పోనీలే, ఎవరికైనా జరిగేదే," అన్నాడు ఆసుపత్రి మంచం మీద. ఆ ఒక్క మాట పట్టుకుని ఆర్లిస్ ఏడాది నెట్టుకొచ్చింది. ఆయన మళ్లీ తన తూటా కాలిస్తే తప్ప ఆ మాట నిజమని నమ్మలేదు.

సుత్తితో కొట్టి బిగించే సరంజామా చవకే. కానీ ఆ చప్పుడుకి వెండెల్ ఇప్పటికీ ఉలిక్కిపడతాడు. చివరికి అడకత్తెరలా రెండు చేతులతో నొక్కే చిన్న ప్రెస్సు, ఒక తక్కెడ, మందు తీసే బుల్లి గరిటె, గొట్టాలు వరసగా నిలబెట్టే గుంతల చెక్క తీసుకుంది.

"నత్తనడక పని ఇది. డబ్బాడు చేసేసరికి తెల్లారిపోద్ది," అన్నాడు హాస్కెల్.

"తెల్లారనీ. నాకేం తొందర?"

ఫోన్ ఆపేసి పనికి కూర్చుంది. ప్రతి కొలతా తూచింది. మందు పోసిన ప్రతి గొట్టంలోకీ టార్చి వేసి చూసి, అప్పుడే గుండు బిగించింది. అరచేతులు బొబ్బలెక్కాయి. పోటీ ముందురోజు డబ్బా అందిస్తే వెండెల్ ఆమె నుదుటి మీద ముద్దు పెట్టి, దాన్ని పట్టుకెళ్లి ట్రక్కులో పెట్టుకున్నాడు.

పోటీలో బాగానే కాల్చాడు. "వెన్నలా సాగాయనుకో! ఒక్కటి కూడా మొరాయించలేదు," అని కేకేశాడు. ఆర్లిస్ మనసారా నవ్వింది. అలవాటు కొద్దీ ఖాళీ గొట్టాలు ఏరుకోవడానికి ఆయన నిలబడ్డ చోట వంగింది. తను నింపినవన్నీ ఎన్నోసార్లు వాడి మాసిపోయిన ఇత్తడివి. నేల మీద పడి ఉన్నవి వెండిలా మెరిసే కొత్తవి, ఫ్యాక్టరీవి.

వేలి కొస పోగొట్టుకున్నవాడు భయపడటంలో తప్పేముంది? కాల్చలేనని చెప్పి ఉంటే ఆమె నోరు మూసుకునేది. ఆ వెన్న మాటే గుండెల్లో గుచ్చుకుంది.

అందరూ వెళ్లేదాకా ఆగి, ట్రక్కు సీటు కింద వెతికింది. డబ్బాకి తను అంటించిన కాగితం కూడా చిరగలేదు.

"పిస్తోలు ఇలా ఇవ్వు."

"అది కాదు ఆర్లిస్... నువ్వు చేసినవి బాగుంటాయి, నాకు తెలీదా?"

"తెలుసు కదా. అయితే నా పక్కన నిలబడు."

వెండెల్ వచ్చి నిలబడ్డాడు. ఆమె మోత వినపడకుండా చెవులకు కప్పులు తగిలించుకుంది, తన తూటాలు నింపింది, గురి చూసి కాల్చింది. ఒకటి. ఇంకొకటి. నింపినవన్నీ అయ్యేదాకా కాల్చింది. ప్రతిదీ బుద్ధిగా వెళ్లి అట్టకు తగిలింది.

సంతోషంగా పక్కకు తిరిగితే అక్కడ వెండెల్ లేడు. వెనకాల, తెరిచిన ట్రక్కు తలుపు చాటున, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని ముడుచుకుని కూర్చున్నాడు.

ఆర్లిస్ కప్పులు తీసి మెడలో వేసుకుంది.

"పేలిపోతుందనుకున్నావా?"

"ఏమో... అనిపించింది."

"మరి నన్నెందుకు ఆపలేదు?"

వెండెల్ తలుపు చాటు నుంచి లేవలేదు.