దుమ్ముతిండి

ముసలితనంలో అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా జారిపోయి ఉంటే మీరే సర్దుకుని చదవండి. రాయడంలో నా చెయ్యి నత్తనడక, దానికీ మన్నించండి.

మా వీధి లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడేది వదిన. కొట్టు ఆమె మొగుడూ, మరిదీ కలిసి పెట్టింది. మొగుడు పోయాక గల్లాపెట్టె ముందు మరిది కూర్చున్నాడు. వదిన మాత్రం బల్ల దగ్గరే ఉండిపోయింది. మరిది పిలిచీ పిలిచీ వీధి మొత్తానికి ఆమె వదినే అయింది.

ఆ మధ్యాహ్నం మేడ మీద తీగల నిండా హోటలు వాళ్ల తెల్ల దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. ఆకాశంలో మబ్బుతునక లేదు. ఉన్నట్టుండి ఎండ ఇత్తడి రంగుకు తిరిగింది. గాలి బిగదీసింది. టప్ టప్‌మని చినుకులు పడ్డాయి. నీళ్లు కావు, బురద! ఎక్కడి దుమ్ము గాలికెక్కి వచ్చిందో గానీ, అలాంటి వాన ఎవరూ ఎరగరు. వదినా, ఆమె తోటికోడలైన మరిది పెళ్లామూ పరుగున మేడెక్కేసరికి దుప్పట్లన్నీ మచ్చలు మచ్చలు.

"తడపకండి. ఆరనిస్తే చాలావరకు దులిపేయొచ్చు," అంది వదిన.

మరిది వింటేనా! మర్నాటికి అప్పజెప్పాలన్న కంగారులో అన్నీ పోగేసి మరిగే సోడానీళ్లలో ముంచాడు. పైపైన ఉన్న బురద కాస్తా నూలులోకి దిగిపోయింది.

కాసేపు తలపట్టుకు కూర్చుని వదిన దగ్గరికొచ్చాడు.

"రేపు హోటలు మేనేజరు వస్తాడు. 'వాన చూసి కూడా నేనే బట్టలు తియ్యలేదు' అని నువ్వు ఒక్క మాట చెప్పు వదినా. పెద్దదానివి, నిన్నేమీ అనడు. తప్పు నాదని తెలిస్తే బేరం తెంచుకుంటాడు. నువ్వు చెప్పనంటావా, ఇక బల్ల దగ్గరికి రానక్కర్లేదు."

"చెయ్యని తప్పు నా నెత్తినెందుకు?"

"మరెవరు చేశారట?"

వదినకు ఒళ్లు మండింది. నోటికొచ్చింది అనేసింది.

"దుమ్ముతిండి చేసింది."

"అదేంటి?"

"ఆకాశంలో తిరిగే జంతువు. ఊళ్లకు ఊళ్ల దుమ్ము మేసి, కడుపు ఉబ్బరించుకుని వస్తుంది. తెల్లబట్ట కనబడిందంటే తుమ్మాగదు దానికి."

తోటికోడలు కిసుక్కున నవ్వి, మొగుడి మొహం చూసి నోరు నొక్కుకుంది. అతను అటు వెళ్లాక, "ఒక్క మాటే కదక్కా, అనేస్తే పోలా?" అంది.

"పోతుందమ్మా, నా మాట పోతుంది. ఇంక నాకంటూ మిగిలింది అదొక్కటే."

అంతటితో ఊరుకోలేదు వదిన. అన్నిటికంటే పాడైన దుప్పటి బల్ల మీద పరిచింది. ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి అంచున గుర్తు కుడతారే, ఆ ఎర్రదారం తీసి మచ్చల చుట్టూ కుట్టు వేసింది. పెద్ద మచ్చ పొట్ట అయింది. కింద ఉన్న ఆరు మచ్చలూ ఆరు కాళ్లు. మెడ సాగదీసి, ముక్కు ఇంత లావున పెట్టింది.

"చెవులేవక్కా?"

"దానికెందుకు? ఎవరెంత అరిచినా పట్టించుకునే రకం కాదది."

పొద్దున్నే ముగ్గురూ కొట్టులో ఉండగా మేనేజరు వచ్చాడు. మరిది దగ్గి, వదిన వైపు చూశాడు. వదిన ఇస్త్రీపెట్టె నిలబెట్టి ముందుకొచ్చింది.

"తుమ్మింది దుమ్ముతిండి. మరగబెట్టింది మా మరిది. తప్పు నా మీద వేసుకోమన్నాడు. నేను వేసుకోను."

మేనేజరు ముగ్గురినీ మార్చి మార్చి చూసి, "ఆ మచ్చల గుడ్డలు మీరే ఉంచుకోండి," అని వెళ్లిపోయాడు. బేరం ఉన్నట్టో, పోయినట్టో చెప్పలేదు.

"వెళ్లిపో వదినా! ఇక రావద్దు!"

"కొట్టులో సగం మీ అన్నయ్యది. నా సగంలో నేను నిలబడ్డాను. ఇరుకనిపిస్తే నువ్వు జరుగు."

ఆ మాట అని, తీగలకు బట్టలెత్తే పొడుగు కర్ర తీసుకుంది. దుమ్ముతిండిని కొట్టు ముందు, పైన బోర్డుకు అడ్డంగా తగిలించి, కర్ర తోటికోడలికి అందించింది. దారినపోయేవాళ్లు ఆగి తలలెత్తారు.

"ఏంటి వదినా అది?"

"మా కొట్టు జంతువు!"

మరిది ఎగిరాడు, అందలేదు. మళ్లీ ఎగిరాడు. వీధి నవ్వింది.

"ఏయ్, ఆ కర్ర ఇటు తే!" అని పెళ్లాం మీద అరిచాడు.

ఆమె కదల్లేదు. కర్రను రెండు చేతులా గట్టిగా పట్టుకుని, "ఉండనివ్వండి. ఇంకా ఆరలేదు," అంది.

రాసింది: బొత్తాల పెద్దమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు చిన్నకూతురి ఇంట్లో, వీధివైపు గదిలో ఉంటున్నాను.