అరికాలు చూసే మనిషి

పెట్టె మూత తీసీ తీయగానే కుజుహారాకు తెలిసిపోయింది. ఇది చేసింది ఆయన కాదు.

కొత్త ఆల్లోసారస్. ఈ వేసవిలో తొబిగసా కంపెనీ విడుదల చేసిన డైనోసార్ బొమ్మల్లో అందరూ ఎదురుచూసింది దీనికోసమే. రంగు బాగుంది, పళ్ళ వరస బాగుంది. కానీ రెండు చేతులూ మణికట్టు దగ్గర వంగి, అరచేతులు నేలవైపు వేలాడుతున్నాయి. పాత పటాల్లో దయ్యాలు ఛాతీ ముందు చేతులు వేలాడేసుకుని నిలబడతాయే, అచ్చం అలా. బొమ్మలు పోగుచేసేవాళ్ళు ఈ తప్పును దయ్యం చేతులు అనే అంటారు. ఆ జంతువు మణికట్టు అలా తిరగదు. చప్పట్లు కొట్టబోతున్నట్టు అరచేతులు రెండూ ఎదురెదురుగా ఉండాలి. చవక బజారు బొమ్మల్లో కనిపించే తప్పు ఇది. తొబిగసా ఏళ్ళ క్రితమే మానేసిన తప్పు.

కుజుహారా చెప్పాకే మానేసింది. కనీసం అతని నమ్మకం అది.

కుజుహారా తమొత్సు ఒసాకాలో లిఫ్టులు తనిఖీ చేస్తాడు. రోజంతా చీకటి బావుల్లాంటి గోడల మధ్య, తీగల పక్కన, టార్చిలైటు వెలుగులో ఒంటరిగా ఉంటాడు. సాయంత్రం సకాయ్‌లోని ఒంటిగది ఇంటికి చేరతాడు. అక్కడ గోడలన్నీ అరలే. అరల నిండా బొమ్మలే. కొత్త బొమ్మ రాగానే ముందు తిరగేసి అరికాలు చూస్తాడు. పైకి కనిపించే చోట ఎవరైనా జాగ్రత్తపడతారు, ఎవరూ చూడని చోటే పనితనం బయటపడుతుందని అతని సిద్ధాంతం. తర్వాత తన బ్లాగులో తీర్పు రాస్తాడు. ఆ బ్లాగు పేరు కూడా 'అరికాలు'. అందులో అతని పేరుండదు, ఫోటో ఉండదు. ఒకప్పుడు చదివినవాళ్ళు కింద వ్యాఖ్యల్లో తగువులు పెట్టుకుంటుంటే విసిగిపోయి, ఎవరూ ఏమీ రాయకుండా ఆ వీలు మూసేశాడు. అప్పట్నుంచి అతనికి జవాబిచ్చేవాళ్ళు లేరు.

ఒక్కరు తప్ప.

పొడవు మెడ జంతువు ముందరి పాదాలకు ఏనుగుకున్నట్టు వరసగా గోళ్ళు పెట్టారేమిటి, ఉండాల్సింది లోపలివైపు ఒక్కటే కదా అని రాశాడు. ఆ తర్వాత వచ్చిన పొడవు మెడ బొమ్మకు ఒక్కటే గోరుంది. పుర్రెలో గుంటలన్నీ చర్మం మీద కనిపిస్తున్నాయి, ఈ జంతువు తిండి తిని ఎన్నాళ్ళయింది అని ఎగతాళి చేశాడు. తర్వాతి బొమ్మకు బుగ్గలొచ్చాయి. ఒకసారి ఊరికే సరదాకి, వీటికి ఎప్పుడూ గర్జించడమే పనా, దురద కూడా పుట్టదా అని రాశాడు. మరుసటి ఏడు వెనక కాలితో దవడ గోక్కుంటున్న బొమ్మ వచ్చింది. ఆ రోజు కుజుహారా పకపకా నవ్వాడు. పక్కింటివాళ్ళు గోడ మీద కొట్టారు.

తొబిగసా తన శిల్పుల పేర్లు బయటపెట్టదు. అందుకే ఆ బొమ్మలు చేసే మనిషికి మనసులో 'అవతలాయన' అని పేరు పెట్టుకున్నాడు. తను రాస్తాడు, అవతలాయన చేసి చూపిస్తాడు. ఇన్నేళ్ళూ కుజుహారా జీవితంలో జరిగిన సంభాషణంటూ ఉంటే, అదొక్కటే.

ఇప్పుడు ఈ దయ్యం చేతులు.

అవతలాయన పోయాడా? ఉద్యోగం ఊడిందా? లేక అలిగాడా? మూడో ఆలోచన రాగానే కుజుహారాకు కిందటి బొమ్మ గురించి తను రాసిన ఆఖరి వాక్యం గుర్తొచ్చింది. "ఈ చెయ్యి అలసిపోయింది. విశ్రాంతి తీసుకుంటే మంచిది." ఎంత బాగా రాశాననుకున్నాడో అప్పుడు! ఆ మాట చదివి కంపెనీవాళ్ళు నిజంగానే విశ్రాంతి ఇచ్చేశారా?

మర్నాడు కంపెనీకి ఫోన్ చేశాడు. ఫోనెత్తిన అమ్మాయి గొంతు తేనెలా ఉంది.

"శిల్పుల వివరాలు మేం చెప్పకూడదండీ. దయచేసి అర్థం చేసుకోండి."

"పేరొద్దు. ఆయన బతికే ఉన్నారా? అదొక్కటి చెప్పండి చాలు."

"అది కూడా వివరాల కిందికే వస్తుందండీ."

ఆ మధ్యాహ్నం ఉమెదాలో ఒక భవనం పైకప్పు మీద, లిఫ్టు యంత్రాల గది నీడలో కూర్చుని ఇద్దరూ అన్నం ముద్దలు తింటున్నారు. ఇద్దరంటే కుజుహారా, అతనితో చాలాకాలంగా పనిచేస్తున్న ఓబా. ఓబా నోరు తినేటప్పుడు కూడా ఊరుకోదు.

"ఏమయ్యా, మొహం అలా పెట్టావ్? నీ బల్లి చచ్చిపోయిందా?"

"బల్లి కాదు, ఎన్నిసార్లు చెప్పాలి? దాన్ని చేసినాయన కనిపించడం లేదు."

"ఎవరాయన? పేరేంటి?"

"తెలీదు."

"ఎప్పుడైనా చూశావా?"

"లేదు."

"పోనీ మాట్లాడావా?"

"ఒక రకంగా."

ఓబా నమలడం ఆపేశాడు. "కుజుహారా, నా మాట విని ఎవరైనా మంచి విధవరాల్ని చూసుకో. కనీసం పేరుంటుంది."

కుజుహారా నవ్వలేదు. అతని బుర్ర అప్పటికే వేరే దారిలో పరుగెడుతోంది. కంపెనీ చెప్పకపోతేనేం? చెయ్యి చెబుతుంది. దస్తూరీ దాచుకోగలిగినవాడు ఎవడున్నాడు?

ఆ సాయంత్రం పాత బొమ్మలన్నీ నేల మీద పరిచి భూతద్దంతో చూశాడు. దొరికింది. అవతలాయన చేసిన ప్రతి జంతువుకీ గొంతు కింద మూడు ముడతలున్నాయి. మధ్య ముడత సగంలో తెగి, కాస్త కిందనుంచి మళ్ళీ మొదలవుతోంది. ఏ శిలాజమూ అలా చెప్పలేదు. అది ఆ వేళ్ళకున్న అలవాటు. కొత్త ఆల్లోసారస్‌కి కూడా ముడతలున్నాయి గానీ, మూడూ గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి.

వారం తిరక్కుండా మకుహరి అనే దూరపు ఊళ్ళో బొమ్మల పండగ ఉంది. దేశం నలుమూలల నుంచీ సొంతంగా బొమ్మలు చేసుకునేవాళ్ళు వచ్చి, ఒక్క రోజు బల్లలు వేసుకుని అమ్ముకుంటారు. దాని జాబితా పుస్తకం ఇటుకంత మందం. అందులో ఒక్కో బల్లకీ తపాలా బిళ్ళంత ఫోటో. కుజుహారా భూతద్దం పట్టుకుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. డైనోసార్లు చూశాడు, లేదు. మామత్‌లు, సముద్ర సరీసృపాలు, అవీ అయిపోయాయి. ఆశ వదులుకునే సమయానికి ఒక మూల రాక్షస సాలమాండర్ కనిపించింది. కొండ వాగుల్లో బతికే మనిషి చేయంత ఉభయచరం. దాని డొక్క చర్మం మీద మూడు మడతలున్నాయి.

మధ్య మడత తెగి, కిందనుంచి మొదలైంది.

పండగ రోజు పొద్దున్నే మొదటి బుల్లెట్ రైలు పట్టుకున్నాడు. మకుహరి హాలు బయట ఎండలో వేలమంది వరస. లోపలికి అడుగుపెట్టాక అందరూ రోబోలవైపు, అమ్మాయి బొమ్మలవైపు ఉరికారు. కుజుహారా ఎదురు దిశలో నడిచాడు. ఏం చెప్పాలో రైల్లోనే వల్లెవేసుకున్నాడు. 'అరికాలు నేనే. క్షమించండి. మీ చెయ్యి అలసిపోలేదు.'

బల్ల వెనక అరవై ఏళ్ళ ఆవిడ కూర్చుని ఉంది. పొట్టి జుట్టు, మెడలో తువ్వాలు, చేతిలో విసనకర్ర. ముందున్న చీటీ మీద సుగితాని ఫుమియే అని ఉంది. కుజుహారా కాళ్ళు ఆగిపోయాయి. ఇన్నేళ్ళూ 'ఆయన' అనుకున్నాడు.

"చూసేదుంటే చూడండి. చల్లగా నిలబడ్డానికైతే అటుపక్క ఫ్యాను కూడా ఉంది," అందావిడ.

"తొబిగసా బొమ్మలు చేసింది మీరే కదండీ?"

విసనకర్ర ఆగింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మధ్య ముడత తెగుతుంది."

ఆవిడ సాలమాండర్‌ని తీసి కళ్ళ దగ్గర పెట్టుకుని చూసుకుంది. తర్వాత ఫెళ్ళున నవ్వింది. "అమ్మ దొంగా! ఇది నాకే తెలీదు. మీరు పోలీసా?"

"లిఫ్టులు తనిఖీ చేస్తాను." గొంతు సవరించుకున్నాడు. "ఎందుకు మానేశారు? ఎవరైనా రాసిన మాట వల్లా?"

"మాటా? ఏం మాట?"

"సమీక్షలు. 'అరికాలు' అని ఒక బ్లాగు..."

"ఏమో బాబూ. నేను కంప్యూటర్ ముట్టను, కళ్ళు మండుతాయి. అందుకే పంపించేశారు కూడా. ఇప్పుడంతా తెర మీదే చేస్తారట. మైనం పిసికేవాళ్ళతో పని లేదట."

"మరి గోళ్ళు? పొడవు మెడ దాని పాదానికి ఒక్క గోరే పెట్టారు కదా?"

"మ్యూజియంలో శిలాజాలు చదివిన డాక్టరుగారు ఒకాయన ఎర్ర పెన్సిల్‌తో దిద్ది పంపేవారు. బుగ్గలూ ఆయన చెప్పినవే. మహా చాదస్తం మనిషి."

ఇంకొక్కటి మిగిలింది. అడగకుండా వెళ్ళిపోతే బాగుండేది. అడిగాడు. "దవడ గోక్కునేది?"

"అదా! అది మా కుక్క."

కుజుహారా తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. జవాబులనుకున్నవేవీ జవాబులు కావు. గోడకు ఇటు తను మాట్లాడాడు. గోడకు అటు ఒకావిడ కుక్కను చూస్తూ మైనం పిసుక్కుంది. అంతే. వల్లెవేసుకున్న మూడు వాక్యాలూ నోట్లోనే ఉండిపోయాయి. వాటినిప్పుడు ఎవరికి చెప్పాలి?

"ఏంటలా అయిపోయారు? మంచినీళ్ళు తాగుతారా?" సీసా ముందుకు జరిపింది ఆవిడ. "ఇంత దూరం వచ్చారు కదా, దీని సంగతి చెప్పండి. ఎలా ఉంది?"

సాలమాండర్‌ని అతని అరచేతిలో పెట్టింది. అలవాటుగా తిరగేశాడు. ముందు పాదాలకు నాలుగు వేళ్ళు, వెనక పాదాలకు ఐదు. సరిగ్గా ఉన్నాయి. రాయి కింద ఒదిగి నిద్రపోతున్న జంతువు. కళ్ళు మూసుకుని ఉంది.

అక్కడే ఉంది తప్పు.

చెప్పకపోతే పోయేదేముంది? పాపం, ఉద్యోగం పోయిన మనిషి. కానీ అబద్ధం చెప్పి వెళ్ళిపోతే, ఈ హాలులోంచి తను ఎవరితోనూ మాట్లాడకుండానే బయటపడినట్టే.

"తప్పుందండీ. వీటికి కనురెప్పలుండవు. కళ్ళు మూసుకోలేవు."

సుగితాని అతన్ని తేరిపార చూసింది. "తెలుసు."

"తెలిసీ..."

"ఎప్పుడైనా చూశారా మీరు? బతికున్నదాన్ని?"

"పుస్తకాల్లో..."

"పుస్తకాల్లో రెప్పలుండవు. ఒప్పుకున్నాను. వాగులో చూడండి. కన్ను ఎంతుంటుంది? నువ్వుగింజంత. రాయి కింద పడుకున్నప్పుడు దాని మొహంలో, తలుపేసుకున్న ఇల్లులా, ఒక రకమైన మూత పడుతుంది. కన్ను మూయకుండా ఆ మూతను ఎలా చూపించాలో నాకు చేతకాలేదు. మీకు చేతనైతే చెప్పండి."

"ఒళ్ళు పెట్టిన తీరులోనే చూపించాలి. తల కాస్త కిందికి..."

"చేశాను. చచ్చినట్టుంది."

"అయితే తోక చుట్టి..."

"చేశాను. జబ్బు చేసినట్టుంది." విసనకర్రతో బల్ల మీద టప్పున కొట్టింది. "మీ డైనోసార్లతో హాయి. ఎన్ని తీర్పులు చెప్పినా ఒక్కటీ వచ్చి కాదనదు. ఇది అలా కాదు, తొత్తొరి కొండల్లో కూర్చునుంది. వెళ్ళి చూసి, అప్పుడు రండి తగువుకి."

ఇన్నేళ్ళలో కుజుహారా తీర్పును ఎవరూ ఇలా మొహం మీద కొట్టలేదు. నొప్పిగానే ఉంది. ఆ నొప్పి వదిలి వెళ్ళాలని మాత్రం లేదు.

"మీరూ వస్తారా? నాకు చోటు తెలీదు," అనేశాడు. అన్నాక తనే బెదిరిపోయాడు. ఆడమనిషిని కాదుకదా, ఎవర్నీ ఎక్కడికీ రమ్మని పిలిచిన గుర్తు లేదతనికి.

"రాను," అందావిడ మామూలుగా. "ఇద్దరు మనుషులుంటే మాటలొస్తాయి. మాటలొస్తే అది రాయి లోతుకి పోయి మొహం దాచుకుంటుంది. ఒక్కరే వెళ్ళాలి." అప్పటికే ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి వెనక నిలబడ్డారు. బొమ్మను కాగితంలో చుడుతూ ఆ కాగితం మీదే వాగు పేరు, దాని కింద తన ఇంటి చిరునామా రాసింది. "అడుగున గాజు పలకున్న పెట్టె నీళ్ళ మీద ఆనించి చూడండి. ముట్టుకోకండి, చట్టం కాపాడే జంతువది, ముట్టుకుంటే నిజం పోలీసులొస్తారు. చూశాక నాది తప్పో కాదో రాయండి. మొహమాటపడకండి. ఎర్ర పెన్సిల్ ఆయన పోయాక నన్ను తిట్టేవాళ్ళు లేరు."

డబ్బిచ్చి పక్కకు జరిగాడు. ఆవిడ అప్పుడే కుర్రాళ్ళతో బొమ్మలు పోతపోసే రెజిన్ గురించి మాట్లాడుతోంది. మళ్ళీ ఇటు చూడలేదు.

తిరుగు రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడి ఓబాకు ఫోన్ చేశాడు.

"సోమవారం సెలవు కావాలి."

"నీకా? సెలవా? ఎవరు పోయారయ్యా?"

"ఎవరూ పోలేదు. తొత్తొరిలో ఒక వాగుంది. చూసి రావాలి."

"ఓహో! వేసవిలో వాగుకి పెళ్ళాంపిల్లలతో పోతారు జనం. నువ్వెవరితో?"

"ఒక్కడినే."

ఓబా గొంతులో వెటకారం పోయింది. "ఒరేయ్ కుజుహారా. ఇదిగో చూడు. పిచ్చి పనులేమీ చెయ్యవు కదా? నేను కూడా రానా? నా మోకాలు బాగాలేదు గానీ వస్తాను."

రైలు వస్తున్నట్టు ప్రకటన మొదలైంది. చంకలో కాగితం పొట్లం గుచ్చుకుంటోంది. కుజుహారా ఫోన్‌ని చెవికి ఇంకాస్త గట్టిగా అదుముకున్నాడు.

"లేదు ఓబా. వెంటనే తిరిగి రావాలి నేను. వచ్చి, ఏం చూశానో ఒకావిడకి రాయాలి."