అత్తగారి విశుద్ధ చక్రం

మోకాళ్ళ నొప్పులు తగ్గుతాయని ఎవరో చెబితే అత్తగారు యోగా తరగతిలో చేరింది. వాళ్ళ ఇంటి ముందుగదే ఇస్త్రీ దుకాణం. కొడుకూ కోడలూ పని చేస్తుంటే ఆవిడ బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళకు లోకంలోని సంగతులన్నీ చెప్పేది. చొక్కా ఇచ్చి పోదామని వచ్చినవాళ్ళు కదల్లేక ఇరుక్కుపోయేవారు.

ఒకరోజు యోగా టీచరు అందరినీ పడుకోబెట్టి, ఒంట్లోని చక్రాల గురించి చెబుతూ ఒక్కొక్కరి మీదుగా చెయ్యి ఆడించింది. అత్తగారి మూలాధారం భేషుగ్గా ఉందట. నాభి దగ్గర మణిపూరకం భగభగలాడుతోందట. గొంతు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆపి, మాటకు మూలమైన విశుద్ధ చక్రం పూర్తిగా మూసుకుపోయిందని తేల్చింది.

ఇంట్లో ఈ మాట చెబితే కొడుకు పగలబడి నవ్వి, ఇస్త్రీపెట్టె సంగతి మరిచి ఎవరిదో చొక్కా జేబు మాడ్చాడు. కోడలు గోడవైపు తిరిగి పెదవి కొరుక్కుంది. అత్తగారికి ఒళ్ళు మండింది. మర్నాడే వెళ్ళి టీచర్ని నిలదీసింది. మాట్లాడటం వేరు, చెప్పాల్సింది చెప్పడం వేరు అందామె తాపీగా. ఏదో మాట అడ్డం పడి ఉందట.

ఆ మాట కోసం అత్తగారు నానా తిప్పలూ పడింది. కొడుక్కి అతని గురక గురించి చెప్పింది. ఎదురింటి దర్జీకి అతని పాట భరించలేకపోతున్నానని చెప్పింది. దర్జీ ముఖం ముడుచుకున్నాడు గానీ ఆవిడ గొంతులో మాత్రం ఏ తేడా లేదు.

ఒక మధ్యాహ్నం ఒకావిడ కుచ్చుల గౌను తెచ్చి, మీ కోడలితోనే చేయించండని మరీ మరీ చెప్పి వెళ్ళింది. దానికి నేర్పింది నేనేనని అనడం అత్తగారికి అలవాటు. ఆ రోజు ఎందుకో అనలేదు. కోడలి చేతికింద కుచ్చులు ఒక్కొక్కటే గీత గీసినట్టు లేస్తుంటే చూస్తూ కూర్చుంది.

"ఏమే అమ్మాయ్."

"చెప్పండత్తయ్యా."

"నీ చెయ్యి నా చేతికన్నా మంచిది. నువ్వొచ్చిన కొత్తలోనే తెలుసు నాకు."

కోడలు ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. కళ్ళు తుడుచుకుని, ఆవిరి తగిలిందంది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఆయన్ని పిలుస్తాను, ఇంకోసారి అంటారా?"

"అంత లేదు."

ఆ పూటంతా ఆవిడ నోరు విప్పలేదు. బట్టలకోసం వచ్చినవాళ్ళు కంగారుపడి, ఒంట్లో బాగాలేదా అని గుసగుసగా అడిగి వెళ్ళారు. చివరికి కోడలికీ భయం వేసి టీ పెట్టి తెచ్చింది. అత్తగారు ఒక గుక్క తాగి, చక్కెర ఎక్కువైందంది.

కోడలి ప్రాణం కుదుటపడింది.