కళింగపట్నం నుంచి నడిచొచ్చిన ఇల్లు

నౌపడ స్టేషన్లో కాంట్రాక్టు మీద టికెట్లిచ్చే యమున పన్నెండేళ్లుగా జనాన్ని ఊళ్లకి పంపుతూనే ఉంది గానీ, తను ఎక్కడికీ వెళ్లింది లేదు. ఆ ఆదివారం మాత్రం సెలవు పెట్టింది. ఇంకో పదిరోజులైతే ఆ ఉద్యోగమూ ఉండదు, నౌపడా ఉండదు.

కొడుక్కి పెళ్లి కుదిరిందని, అద్దెగది ఖాళీ చెయ్యమంది ఇంటావిడ లక్ష్మణమ్మ. యమున ఊరంతా తిరిగింది. "ఒక్కర్తివేనా?" అని అడిగి, గుమ్మంలోనే మాట మార్చేసేవారు. గరివిడి నుంచి అన్నయ్య ఉపేంద్ర ఫోన్ చేశాడు. "మా ఇంటికొచ్చీ. పిల్లల్ని సూసుకోడానికి మనిషి కావాలంటంది మీ వొదిన." చెల్లెలు కావాలని మాత్రం అనలేదు.

వెళ్లిపోయేలోగా చుట్టుపక్కలున్నవైనా చూద్దామనుకుంది.

పొద్దున్నే అరసవల్లి. దర్శనం అయ్యాక ఫొటో తియ్యమని నాలుగు కుటుంబాలవాళ్లు ఆమె చేతికి ఫోన్లిచ్చారు. నీకూ ఒకటి తియ్యమంటావా అని ఎవరూ అడగలేదు. తర్వాత శాలిహుండం. కొండమీద ఇటుక స్తూపాల మధ్య నిలబడితే కింద వంశధార తళతళా మెరుస్తోంది. "ఎంత బాగుందో సూడు!" అని పైకే అంది. పక్కన ఎవరూ లేరని అన్నాక గుర్తొచ్చింది.

మధ్యాహ్నానికి కళింగపట్నం చేరింది. ఓడలు ఆగిన రేవులో ఇప్పుడు ఇసక, సరుగుడు చెట్లు, లైట్‌హౌసు. సముద్రానికి ఎదురుగా ఓ పాత పెంకుటిల్లు తలుపులు మూసుకుని ఉంది. దాని మెట్లమీద కూర్చుని పులిహోర పొట్లం విప్పింది. ఉడకేసిన వేరుశెనక్కాయలమ్మే దేముడమ్మ గంప దించి పక్కనే చతికిలబడింది.

"ఈ ఇల్లెవరిదమ్మా?" అడిగింది యమున.

"ఎవల్దీ కాదు. ఓడల కాలంనాటిది. మా యమ్మ సిన్నప్పుడు అద్గదిగో, ఆ కెరటాలకాడుండీది. సముద్రం మీదకొచ్చినప్పుడల్లా లెగిసి ఎనక్కి నడుస్తాది. మొన్న తుపానుకి ముప్పై అడుగులు నడిసింది."

"మరెవరూ ఉండరా ఇందులో?"

"నిలకడలేని ఇంట్లో ఎవులుంటారమ్మా? నువ్వేటి, ఒక్కర్తివే వచ్చినావు?"

ఆ మాట ఈ నెలలో చాలామంది అడిగారు. ఇలా పక్కన కూర్చుని, కాయలు వొలిచి చేతిలో పెడుతూ అడిగినవాళ్లు లేరు. యమున అంతా చెప్పేసింది. గది సంగతి, అన్నయ్య సంగతి, గరివిడిలో తనకోసం వంటింటి పక్కన వేసిన మడతమంచం సంగతి. "ఓ నాలుగ్గోడలుంటే నౌపడ వదిలి ఎక్కడికీ పోను" అంది చివరికి.

దేముడమ్మ గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. "మెల్లగా అనమ్మా. అది ఇంటాది."

పదోరోజు పొద్దున్న సామాను మూటలుకట్టి, ఆఖరుసారి కౌంటర్లో కూర్చుంది యమున. పలాసకి టికెట్ తీసుకుంటూ ఒక పెద్దాయన, "మేడం, నీకోసం ఇల్లొచ్చింది. ఉప్పుమడుల పక్కన నిలబడున్నాది" అన్నాడు.

"నాకోసమని ఎలా తెలుసు?"

"ఈ ఊళ్లో ఇల్లు లేనోళ్లు ఇంకెవులున్నారు?"

బండి వెళ్లాక పరుగున వెళ్లింది. రైలుకట్టకీ ఉప్పుమడులకీ మధ్య బీడులో నిలబడి ఉంది ఇల్లు. నది దాటిన బురద కిటికీల దాకా అంటుకుని ఇంకా ఆరలేదు. దారిలో పెంకులు కొన్ని జారిపోయాయి. గుమ్మంలోంచి ఓ పీత బయటికొచ్చి అటూ ఇటూ చూసి మళ్లీ లోపలికి పోయింది. చూడ్డానికొచ్చిన లక్ష్మణమ్మ, "రోడ్డుకి కొంచెం ఎడంగా ఆగుంటే బాగుండును, దుమ్ము పడతాది" అంది.

ఉపేంద్ర ఫోన్. "బయల్దేరినావా?"

"లేదన్నయ్యా. రాను. ఇల్లు దొరికింది."

"ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు. అదే వచ్చింది. నడిచి."

"ఎన్ని గదులు?" అన్నాడు ఉపేంద్ర.

"ఇంకా లోపలికెళ్లలేదు" అని ఫోన్ పెట్టేసి, చెప్పులు మెట్ల కిందే విడిచి, తలుపు తోసింది యమున.