ఆనవాలు లేని జాగా

తునికిమాను పెంట అనే చెంచు గూడెం ఆడవాళ్లు కందకానికి అడ్డం కూర్చున్నది పోయిన వానాకాలం మొదట్లో. మొత్తం పదకొండు మంది. వాళ్లలో ఒకామెకు నేనొక సలహా ఇచ్చాను. అడిగితే ఇవ్వలేదు, నా అంతట నేనే ఇచ్చాను.

నా పేరు గాలయ్య. అచ్చంపేట దాటి అడవిలోకి పోయే దారిలో ఒక గేటుంది, అక్కడ అటవీశాఖ వాచర్‌ని. ఏడో తరగతిలో బడి మానేసి గొర్ల వెంట పోయాను, ఆ తరవాత ఇరవై రెండేళ్లుగా ఈ గేటు కర్ర ఎత్తుతూ దించుతూ ఉన్నాను. రోజుకూలీ లెక్క. పర్మినెంటు చేయిస్తామని ముగ్గురు ఆఫీసర్లు మాటిచ్చారు. ముగ్గురూ బదిలీ మీద పోయారు. మాట ఇక్కడే ఉంది.

రాష్ట్రం రెండయ్యాక కృష్ణా నది హద్దయింది. అంతకు ముందు చెంచులకు అది నీళ్లు తగ్గినప్పుడు దాటే ఏరు. అవతలి ఒడ్డు పెంటల నుంచి కోడళ్లను తెచ్చుకునేవాళ్లు. హద్దయినాక ఇటొక పోలీసు క్యాంపు పడింది, అటొక క్యాంపు పడింది. పులి కోసం అన్నారు, కలప దొంగల కోసం అన్నారు, హద్దు కోసం అన్నారు. కారణాలు మూడు రకాలు, తుపాకులు ఒకటే రకం. ఆడవాళ్లు అడవిలో తినే గడ్డలు తవ్వుకోను పోతే, తవ్వే కర్రకు ఇనుప మొన ఉంది కాబట్టి అది ఆయుధమని గుంజుకుని నా గదిలో పడేసేవాళ్లు. ఎవరూ చూడకుండా నేను తిరిగి ఇచ్చేవాణ్ని. నా మంచితనం అంతవరకే.

పోయిన ఏడు క్యాంపు చుట్టూ కందకం తవ్వాలని మ్యాపు వచ్చింది. రెండు నిలువుల లోతు, జీపు పట్టేంత వెడల్పు. పెంట ఇవతల, అడవి అవతల. ఆ గీత గుట్ట కింద ఇప్పచెట్ల నడుమ నుంచి పోతుంది. పెంటవాళ్లు తమ వాళ్లను పూడ్చేది అక్కడే.

జేసీబీ దిగిన రోజే ఆడవాళ్లు వచ్చి దాని ముందు కూర్చున్నారు. మా ఆఫీసరు మహేష్ సారు వచ్చాడు. నకిరేకల్ పిల్లగాడు, ముప్పై ఏళ్లుంటాయి, నోరు మంచిదే.

"లేవండమ్మా, మిషన్ కిరాయి ఊకె పోతాంది" అన్నాడు.

"మావోళ్లు ఉన్నరయ్యా ఈడ" అంది గురువమ్మ. అరవై దాటిన మనిషి. పెంటలో ఆమె మాటే మాట.

"ఎవలున్నరు? నాకు చెట్లు కనవడ్తున్నయి."

"నీకు కనవడెటట్టు పండవెడితిమా?"

ఆడవాళ్లు నవ్వారు. మహేష్ సారు కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. "నవ్వుడు కాదు, ఒక్క రాయన్న లేదు కదా అవ్వా. సమాధి అంటే ఏదో ఒకటి ఉంటది" అన్నాడు.

రాయి లేకపోవడానికి కారణముంది. ఆ పెంటవాళ్లు పూడ్చినప్పుడు జంతువులు తవ్వకుండా పైన రాళ్లు పేరుస్తారు. సరిగ్గా ఏడాదికి వచ్చి, ఆ రాళ్లు ఒక్కొక్కటీ తీసి దూరంగా పడేస్తారు. పోయిన మనిషి మీద బరువు ఉంచగూడదని. ఆ తరవాత అక్కడ ఏ గుర్తూ ఉండదు. ఎవరు ఎక్కడున్నదీ ఆడవాళ్లకు తెలుసు. గడ్డలకు పోతూ వస్తూ పక్కకు జరిగి నడుస్తారు, అంతే. నేను ఇరవై ఏళ్లు వాళ్ల నడక చూశాను గానీ ఎందుకలా వంకర తిరుగుతారో ఆ రోజే తెలిసింది.

మూడు రోజులు కూర్చున్నారు. తుపాకుల వాళ్లు చుట్టూ నిలబడ్డారు. నాలుగో రోజు పైనుంచి కాగితం వచ్చింది: సమాధుల ఆనవాళ్లు చూపితే గీత మారుస్తాం. మహేష్ సారు దాన్ని చదివి నన్ను పక్కకు పిలిచాడు.

"గాలయ్యా, నా చేతుల ఇంతే ఉంది. ఏదన్న ఒక్కటి చూపిస్తే పంచనామా రాసి పంపుత. నీ మాట వింటరు కదా, నువ్వు చెప్పు."

సారు నన్ను నమ్మాడన్న సంతోషం నాకు ఉండింది. ఉండిందని ఒప్పుకుంటున్నాను. గురువమ్మ దగ్గరకు పోయి చెప్పాను.

"ఒక్కటి తవ్వి చూపియ్యుండ్రి అక్కా. ఎముకలు కనవడితే కాయితం రాస్తరు. అన్ని బతుకుతయి."

గురువమ్మ కోడలు బిక్షమ్మ, ఏటి అవతలి నుంచి వచ్చిన పిల్ల, లేచి నా మీదికి వచ్చింది. "నీ తల్లిని తవ్వి చూపిచ్చినవా గాలయ్యా? పో, ముందుగాల తవ్విరా పో!"

"ఊకోవే" అంది గురువమ్మ. నేల చూసింది. "తమ్మీ, ఒక్కటి తీస్తె అన్నిటిని నమ్ముతరా?"

"నమ్ముతరక్కా. కాయితం మీద ఎక్కితే పోదు."

"అట్లయితె నా బిడ్డనే తీస్త. ఇంకొకల బిడ్డను తియ్యుమని నేనెట్ల చెప్త?"

ఆమెకు ఒక ఆడపిల్ల ఉండేది. ఆరేళ్లప్పుడు జ్వరమొచ్చి పోయింది. అది నేను ఈ గేటుకు రాకముందు మాట.

మరునాడు పొద్దున తవ్వారు. నేను పార తెచ్చాను, ముట్టనీయలేదు. గురువమ్మ తన కర్రతోనే మన్ను కదిలించి, దోసిళ్లతో తోడింది. వాన పడి నేల మెత్తగా ఉంది. మోకాలు లోతుకే ఆగింది. ఎక్కడ ఆగాలో చేతికి తెలిసినట్టు ఆగింది. ఆ తరవాత వేళ్లతోనే. సన్నని ఎముకలు, కట్టెపుల్లల్లాంటివి, మన్ను రంగే. వాటి మీద ఆకుపచ్చ గాజులు మూడు, ఒకటి విరిగి.

మహేష్ సారు టోపీ తీశాడు. పెద్దాఫీసు నుంచి వచ్చిన గుమాస్తా మాత్రం వంగి చూసి పెన్ను ఆపాడు.

"ఇవి మరీ చిన్నగున్నయి సార్. కోతివి గూడ కావచ్చు."

గురువమ్మ గుంతలో నుంచే తలెత్తింది. "కోతి గాజులేసుకుంటదా అయ్యా మీ తాన?"

గుమాస్తా ముఖం ఎర్రబడింది. అయినా రాసింది మాత్రం 'నిర్ధారణ కావలసి ఉన్నది' అనే. ఎముకలు పరీక్షకు పోవాలన్నాడు. గాజులు కూడా. కవరు తెరిచాడు. గురువమ్మ ఆఫీసువాళ్ల దిక్కు చూడకుండా నా దిక్కు చూసింది.

"తిరిగి తెస్తరా తమ్మీ?"

"వారం పది రోజులల్ల తెస్తరక్కా" అన్నాను. నాకెవరూ ఆ మాట చెప్పలేదు. నోటికి వచ్చింది, అన్నాను.

ఆమె ఒక్కొక్క ఎముకా కొంగుతో తుడిచి కవరులో వేసింది. గుమాస్తా లక్క పెట్టి సీలు వేశాడు. గుంత పూడ్చబోతే ఆమె వద్దంది. "రేపో ఎల్లుండో వస్తది గద, అట్లనే ఉండనీ" అని పైన ఇప్పకొమ్మలు కప్పింది.

రెండు నెలలు గడిచాయి. కవరు రాలేదు. వారానికొకసారి గురువమ్మ గేటు దగ్గర ఆగి అడిగేది. "వచ్చిందా?" "ఇంక లేదక్కా." ఒకసారి, "ఆడ వానల గిట్ల తడుస్తదా?" అని అడిగింది. తడవదు, బీరువాలో ఉంటుందని చెప్పాను. బీరువా నేను చూసింది లేదు.

వచ్చింది మ్యాపు. మహేష్ సారు దాన్ని జీపు బానెట్టు మీద పరిచాడు. నేను చూశాను. గీత తిన్నగా వచ్చి, ఒక్కచోట అరచందమామ లెక్క వంగి, మళ్లీ తిన్నగా పోయింది. వంగింది ఆ ఒక్క గుంత చుట్టూ. మిగతా వాటి మీద నుంచే పోయింది.

"గిదేంది సార్?"

"ఆనవాలు చూపింది ఒక్కటే కదా గాలయ్యా. ఒక్కటే ఒప్పుకున్నరు."

"ఆ గుంతల ఏముంది సార్ ఇప్పుడు? అండ్లకెల్లి తీస్కపోయింది మీరే కదా!"

ఆయన మ్యాపు మడిచాడు. "నాకు ఎరుకనే" అన్నాడు. ఎరుకే. నాకూ ఎరుకే. ఎరుక ఉన్నవాళ్లం ఇద్దరం జీపు దగ్గర నిలబడ్డాం.

మరునాడు జేసీబీ వచ్చేసరికి ఆడవాళ్లు వచ్చేశారు. ఈసారి మిషన్ ముందు గుంపుగా కూర్చోలేదు. దూరదూరంగా, ఎవరివాళ్ల మీద వాళ్లు కూర్చున్నారు. బిక్షమ్మ తన మొగుడి మీద, అంటే గురువమ్మ కొడుకు మీద, ఒక ముసలామె తన తల్లి మీద. ఎక్కడెక్కడ ఎవరున్నారో ఎవరైనా చూసి చెప్పవచ్చు. ఇంతకన్నా ఆనవాలు ఏం కావాలి? గుమాస్తా రాసుకోను రాలేదు ఆ రోజు.

గురువమ్మ బిడ్డ గుంత గీత వంపులో మిగిలింది. ఆమె ఇంటికి పోవచ్చు. ఆమె వేరే చోట, మైదానానికి తరలిపోయిన ఒక కుటుంబం తాలూకు పెద్దమనిషి మీద కూర్చుంది. ఆయనకు ఇక్కడ ఎవరూ లేరు.

ఇద్దరు ఆడ కానిస్టేబుళ్లు వచ్చారు. పదకొండు మందికి ఇద్దరు ఏం చాలుతారు? అరుపులు, గుంజులాట. బిక్షమ్మ ఒకామె చెయ్యి కొరికింది. తుపాకుల వాళ్లలో పెద్దవాడు నన్ను పిలిచి, "ఆ ముసల్దానికి నువ్వు ఎరుకనే కదా, లేపు" అన్నాడు.

పోయాను. "లే అక్కా."

"నువ్వే కూసో తమ్మీ" అంది నెమ్మదిగా. చేత్తో తన పక్క నేల చూపింది. "గీడొకడున్నడు. వీనికి గూడ ఎవలు లేరు."

తల దించుకుని ఆ జాగా చూశాను. గడ్డి మొలిచిన ఒట్టి నేల. మనిషి కూర్చునేంత. ఇరవై రెండేళ్ల కూలీ గుర్తొచ్చింది, ఈసారి పర్మినెంటు లిస్టులో పేరుందన్న మాట గుర్తొచ్చింది. నేను కూర్చోలేదు. వంగి ఆమె చంకల కింద చేతులు వేసి లేపాను.

"ఏడికి?" అంది.

"గట్టు మీదికి. నీడకు."

"ఈడ లేదా నీడ?"

ఉంది. ఇప్పచెట్టు నీడలోనే కూర్చుంది ఆమె. నేను ఎండలోకి నడిపించుకుపోయాను.

మిషన్ పదకొండింటికి మొదలై పొద్దు గూకే దాకా నడిచింది. తోడి పోసిన మన్ను కుప్పల మీద ఆడవాళ్లు చేతులతో వెతికారు, దొరికినవి కొంగుల్లో మూట కట్టుకున్నారు. ఏది ఎవరిదో ఈసారి వాళ్లకూ తెలియలేదు.

కవరు కోసం నాలుగుసార్లు ఆఫీసుకు పోయాను. పరీక్షకు పోయిందంటారు ఒకరు, తిరిగొచ్చిందంటారు ఒకరు. మహేష్ సారు బదిలీ అయ్యాడు. లిస్టులో నా పేరు లేదు.

గురువమ్మ ఇప్పుడూ గేటు దాటి గడ్డలకు పోతుంది. కవరు వచ్చిందా అని అడగదు. నేను గేటు దాటేవాళ్ల పేర్లు రాసే పుస్తకం తెరవగానే నిలబడి, పేరు, మొగుని పేరు, పెంట పేరు చెబుతుంది, అవేవీ నాకు తెలియవన్నట్టు. నేను రాసుకుంటాను.