రెండు మీటర్ల తోక

డిపోలో టైంటేబుళ్ళు వేసే ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు. అందరికీ ఆమె గడియారమ్మే. ఏ బస్సు పొద్దున్నే గేటు దాటితే ఏ స్టాపుకు ఎన్నింటికి చేరుతుందో కాగితం చూడకుండా చెప్పేది. "మా ఇంట్లో గోడ గడియారం ఆగిపోయింది, ఓసారి వచ్చి గోడకి ఆనుకుని నిలబడమ్మా" అని డ్రైవర్లు మొహం మీదే ఆటపట్టించేవారు. ఆమె కూడా నవ్వేది.

ఆ ఊరి బస్సులకూ రైలుకూ కలిపి ఒక పెద్ద బ్యాంకు అప్పు ఇచ్చింది. రోజుకు రెండుసార్లు పొగ కక్కుకుంటూ వచ్చే పాత రైలు స్థానంలో పావుగంటకొక కరెంటు రైలు నడవాలి. రైలు దిగిన జనాన్ని ఊళ్ళోకి మోసుకుపోవడానికి జోడు బస్సులు తిరగాలి. జోడు బస్సంటే ఒకదాని వెనక ఒకటి తగిలించిన రెండు బస్సులు, మధ్యలో తిత్తిలా ముడుచుకుని విప్పుకునే రబ్బరు గోడ. సగం అప్పు చేతికొచ్చింది. మిగతా సగం రావాలంటే నెల తిరిగేలోగా రైలునూ బస్సునూ బ్యాంకు వాళ్ళ కళ్ళెదుట నడిపి చూపించాలి. ఆ రోజు గురువారం అని నిర్ణయమైంది. అది తప్పితే డబ్బు ఇంకో ఊరికి తరలిపోతుందని డిపోలో చెప్పుకునేవారు. నలభై ఏళ్ళుగా డొక్కు బస్సుల్లో వేలాడిన ఊరు అది. ఆ మాట వింటేనే అందరికీ గుండెల్లో గుబులు.

గురువారానికి ముందు శనివారం, ఏ స్టాపు నుంచి ఏ స్టాపుకు ఎంత సేపు పడుతుందో రాసుకోవడానికి గడియారమ్మ కొత్త జోడు బస్సెక్కి చిట్టచివరి సీట్లో కూర్చుంది. నడిపేది మెత్తన్న. బ్రేకు వేస్తే చేతిలో టీ కూడా తొణకదు కాబట్టి అతనికా పేరు. స్టేషన్ రోడ్డులో రైలు పట్టాలు దాటాక కాస్త ముందు నాలుగు రోడ్ల కూడలి ఉంది. అక్కడ ఎర్ర లైటు పడింది. బస్సు ఆగింది. గడియారమ్మ చేతి గడియారం చూసి అంకె వేసుకుని, యథాలాపంగా వెనక అద్దంలోంచి కిందికి చూసింది.

ఆమె కిందే రైలు పట్టా ఉంది.

ఒక్క క్షణం అర్థం కాలేదు. బస్సు పట్టాలు దాటేసిందనే అనుకుంది. మెత్తన్న కూడా అలాగే అనుకున్నాడు. ముందు భాగం దాటింది, తోక దాటలేదు.

లైటు మారాక బస్సును పక్కకు తీయించి, టేపు తెప్పించి ఇద్దరూ కొలిచారు. లైటు దగ్గర బండ్లు ఆగాల్సిన గీత నుంచి పట్టా దాకా పదహారు మీటర్లు. బస్సు పొడవు పద్దెనిమిది.

"వెనక ఏముందో నాకెలా తెలుస్తుందమ్మా?" అన్నాడు మెత్తన్న, చెమట తుడుచుకుంటూ. "మామూలు బస్సయితే ఇక్కడ హాయిగా పట్టేది."

"ఎర్ర లైటు ఎంతసేపు ఉంటుంది?"

"నిమిషన్నర."

రైలు గేటు దగ్గర మనిషిని తీసేసి నెలయింది. ఇప్పుడంతా దానంతటదే. గంట మోగుతుంది, రెండు కర్రలు దిగుతాయి, అరనిమిషంలో రైలు వస్తుంది. ఆ లెక్క వేయడానికి గడియారమ్మకు కాగితం అక్కర్లేకపోయింది.

ఆ మధ్యాహ్నమే ఒక పేజీ ఉత్తరం రాసి డిపో మేనేజరుకు ఇచ్చింది. ఆయన సగం చదివి, గాజు పేపర్ వెయిట్ కింద పెట్టాడు.

"శుక్రవారం చూద్దామమ్మా."

"ట్రయల్ గురువారం కదా సార్?"

"అందుకే శుక్రవారం అంటున్నా. ఇప్పుడీ కాగితం పైకి వెళ్తే బ్యాంకు వాళ్ళు వస్తారా? మీరే చెప్పండి. అయినా అది రైలు వాళ్ళ గేటు, వాళ్ళనే అడగండి. అక్కడ పెద్దాయన మీ అన్నగారేగా?"

అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఆ గేటు నమూనా గీసి సంతకం పెట్టింది ఆమె సొంత అన్నయ్య.

అన్నయ్య రైల్వేలో సిగ్నళ్ళ ఇంజనీరు. ఆమెకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. నాన్న పోయాక తన చదువుతో పాటు చెల్లెలి చదువునూ భుజాన వేసుకున్నవాడు. భిన్నాలు అర్థం కాక ఆమె ఏడుస్తుంటే రొట్టెను ముక్కలు చేసి చూపించి, ఆ ముక్కలు ఆమెకే తినిపించినవాడు. ఈ పని పూర్తయితే అతనికి పెద్ద పదవి వస్తుందని అందరికీ తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళింది. వదిన కంచం పెట్టబోతే ఆకలి లేదంది. కాగితం మీద రోడ్డు గీసి, పదహారు, పద్దెనిమిది వేసి అన్నయ్య ముందు పెట్టింది. అతను చాలాసేపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మీ వాళ్ళు నాకిచ్చిన కాగితంలో బస్సు పన్నెండు మీటర్లే ఉంది."

"అది పాత బస్సు అన్నయ్యా. జోడు బస్సులు తర్వాత అనుకున్నారు."

"అనుకుంటే నాకు చెప్పొద్దూ? బస్సు మీది. లైటు మున్సిపాలిటీది. పట్టాలు మాత్రమే నావి. ముగ్గురి తప్పుకీ నా పీకే దొరికిందా?"

"పీక సంగతి కాదు. ఆ రెండు మీటర్లలో జనం కూర్చుంటారు."

"రాసిచ్చావా ఎక్కడైనా?"

"మా మేనేజరుకు ఇచ్చాను."

అన్నయ్య కుర్చీ వెనక్కి తోసి లేచాడు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. వదిన మాత్రం గుమ్మం దాకా వచ్చింది.

"ముందు ఇక్కడికి రావాలనిపించలేదా? ఆఫీసుకెళ్ళి రాసిచ్చాక అన్నయ్య గుర్తొచ్చాడా?" అంది గొంతు తగ్గించి.

సోమవారం అన్నయ్యకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మంగళవారం కూడా అంతే. ఆ మూడు రోజులూ ఆమెకు అన్నం సయించలేదు. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. భర్త నోట్లో ముద్ద పెట్టుకుని ఒక్కసారి ఆమె వంక చూసి, పెరుగు కలుపుకున్నాడు. వీధిలో సైకిల్ బెల్లు మోగినా ఆమె ఉలిక్కిపడేది. కళ్ళు మూసుకుంటే వెనక అద్దం, దాని కింద మెరిసే ఇనుము.

బుధవారం తన చేతిలో ఉన్న ఒకే ఒక్క పనిముట్టును బయటికి తీసింది. టైంటేబుల్. ట్రయల్ రైలు తొమ్మిదీ పదిహేనుకు గేటు దాటాలి. బస్సు కూడా సరిగ్గా అప్పుడే అక్కడికి వచ్చేలా రాసి ఉంది. ఆమె బస్సును నాలుగు నిమిషాలు వెనక్కి జరిపింది. రైలు వెళ్ళిపోయాకే బస్సు పట్టాలెక్కుతుంది. ఎవరూ ప్రశ్నించలేదు. ఆమె వేసిన అంకెల్ని ఎప్పుడూ ఎవరూ ప్రశ్నించలేదు. తర్వాత మెత్తన్నను పక్కకు పిలిచింది.

"కూడలి లైటు పచ్చగా ఉండి, ముందంతా ఖాళీ అయితేనే పట్టాలు దాటు. లేదంటే ఇవతలే ఆగు. ఎవరు తిట్టినా సరే."

"తిట్లకేముందమ్మా, ముప్పై ఏళ్ళుగా తింటున్నా" అన్నాడతను.

గురువారం బస్సు కిటకిటలాడింది. డిపో ఉద్యోగులు, ఊరి పెద్దలు, బ్యాంకు నుంచి వచ్చిన అధికారిణి, ఆమె పక్కన ఇస్త్రీ మడతలు నలగకుండా నిలబడ్డ మేనేజరు ముందు భాగంలో ఉన్నారు. జనం తోపులాటలో గడియారమ్మ వెనక భాగంలోకి కొట్టుకుపోయింది. చేతి గడియారం మీంచి చూపు తిప్పలేదు. తొమ్మిదీ పదిహేనుకు రైలు కూత వినపడాలి. వినపడలేదు. పదహారు. పదిహేడు. పక్కనున్న గుమాస్తా ఫోన్ చూసి నవ్వాడు.

"అక్కడ స్టేషన్లో ఇంకా ఉపన్యాసాలు అవుతున్నాయట. ఇప్పుడే రైలు కదిలిందట."

ఆమె ఎంతో తెలివిగా జరిపిన నాలుగు నిమిషాలను ఎవరి ఉపన్యాసమో మింగేసింది. ఇప్పుడు రైలూ బస్సూ మళ్ళీ ఒకే వేళకు వస్తున్నాయి.

"మెత్తన్నా! ఆపు!" అని అరిచింది. అంత మంది మాటల మధ్య ఆ కేక తిత్తి గోడ దాకా కూడా పోలేదు. జనాన్ని నెట్టుకుంటూ ముందుకు కదిలింది.

మెత్తన్న చెప్పిన మాట తప్పలేదు. పట్టాలకు ఇవతలే ఆపాడు. కూడలిలో లైటు పచ్చగానే ఉంది, ముందు ఒక పాల వ్యాను మాత్రం నెమ్మదిగా పోతోంది. అది పోయేదాకా ఆగుదామనుకున్నాడు. వెనక హారన్లు మొదలయ్యాయి.

"ఎందుకాపావయ్యా? దారి కనపడట్లేదా? పోనీ!" అన్నాడు మేనేజరు, బ్యాంకు అధికారిణి వంక ఇబ్బందిగా చూస్తూ.

"సార్, గడియారమ్మ…"

"పోనిమ్మంటున్నానా!"

బస్సు కదిలింది. లైటు ఎర్రబడింది. పాల వ్యాను గీత దగ్గర ఆగిపోయింది, దాని వెనక జోడు బస్సు ఆగింది. ఈసారి పట్టాల మీద మిగిలింది రెండు మీటర్లు కాదు, ఎనిమిది మీటర్ల పైమాటే. కూడలిలో అడ్డంగా లారీలు పోతున్నాయి. అప్పుడే గేటు గంట మోగింది.

ఎర్ర దీపాలు వెలిగాయి. వెనక కర్రలు దిగాయి. కిటికీలోంచి కొత్త రైలు ముక్కు వంపులో కనిపించింది. ఎవరో "అదుగో మన రైలు!" అని చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు మధ్యలోనే ఆగిపోయాయి. తర్వాత లేచిన కేకల్లో గడియారమ్మ గొంతు కూడా ఉంది. ఏమని అరిచిందో ఆమెకు గుర్తులేదు. చేతికందిన ముసలాయన్ని పట్టుకుని ముందు భాగంలోకి లాగడం మాత్రం గుర్తుంది. మెత్తన్న హారన్ మీద చెయ్యి తీయకుండా వ్యాను వెనక అంగుళం అంగుళం జరుపుతున్నాడు.

పది అంకెలు లెక్కపెట్టింది. ఇరవై. ముప్పై. గంట మోగుతూనే ఉంది. రైలు మాత్రం వంపు దగ్గరే నిలబడి ఉంది.

లైటు మారింది. వ్యాను పోయింది. బస్సు పట్టాలు వదిలింది.

గేటు పక్కనున్న చిన్న సిగ్నల్ గది తలుపు తీసుకుని అన్నయ్య బయటికి వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఆ తెల్లవారుజామునే టేపు పట్టుకుని వచ్చి తనే కొలుచుకున్నాడట. అప్పటి నుంచి ఆ గదిలోనే కూర్చున్నాడు. బస్సు దాటిపోవడం కళ్ళారా చూసేదాకా రైలుకు దారి ఇవ్వకూడదని సిగ్నల్‌ను ఎర్రగానే పట్టి ఉంచాడు.

బస్సు దిగిన బ్యాంకు అధికారిణి అతని దగ్గరికి నడిచింది. మేనేజరు వెంటపడ్డాడు. "డ్రైవర్ తొందరపడ్డాడు మేడమ్…"

"డ్రైవర్ తప్పు లేదు" అన్నాడు అన్నయ్య. "ఇక్కడ ఈ బస్సు పట్టదు. పట్టాలకీ ఆ గీతకీ మధ్య ఉన్న చోటుకి సంతకం పెట్టింది నేను. మా చెల్లెలు ఆదివారమే చెప్పింది. వెంటనే పైకి రాయాల్సింది, రాయలేదు. నాలుగు రోజులు ఊరుకున్నాను."

గడియారమ్మ కొంచెం దూరంలో నిలబడి అంతా విన్నది. దగ్గరికి వెళ్ళాలనిపించింది. వెళ్ళలేకపోయింది. అతను కూడా ఆమె వైపు చూడలేదు.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. మేనేజరు బల్ల మీద పేపర్ వెయిట్ కింద ఉత్తరం దొరికింది. ఆయన మూడు రోజులు జ్వరమని సెలవు పెట్టాడు. పట్టాల మీద ఇరుక్కున్న బస్సు బొమ్మ ఊరి పత్రికలో పడింది. బ్యాంకు డబ్బు వెనక్కి తీసుకోలేదు గానీ మూడు నెలలు ఆపింది. ఆ మూడు నెలలూ డొక్కు బస్సుల కోసం ఎండలో నిలబడ్డవాళ్ళు గడియారమ్మను చూసి మొహం తిప్పుకున్నారు. "ఏదో జరిగిపోయేది, ఏమీ అయ్యేది కాదు, ఈవిడే గోల చేసింది" అని ఒకావిడ ఆమెకు వినపడేలాగే అంది. ఒక్కోసారి ఆమెకూ అలాగే అనిపించి, ఆ వెంటనే వంపు దగ్గర నిలబడ్డ రైలు ముక్కు గుర్తొచ్చేది.

లైటు గీతను ముందుకు జరిపారు. గేటు గంట మోగగానే కూడలిలో లైటు పచ్చబడి పట్టాల మీదున్న బండ్లకు దారి ఇచ్చేలా తీగలు కలిపారు. ఆ తీగల పని అన్నయ్యే దగ్గరుండి చేయించాడు. అది పూర్తయిన వారానికే పదవి ఇంకెవరికో పోయింది. అతన్ని లైను చివర ఉన్న సామాన్ల గోదాముకు వేశారు. రెండు గంటల ప్రయాణం.

రైళ్ళు మొదలైన నెలకు వదిన డిపో కిటికీ దగ్గరికి వచ్చింది. చేతిలో మూత గట్టిగా బిగించిన క్యారేజీ ఉంది.

"పదిన్నర రైలుకి అందే బస్సు ఏది?"

"పదీ అయిదుది వదినా. ఇక్కడే మూడో నంబరు ప్లాట్‌ఫారం దగ్గర ఆగుతుంది."

వదిన వెళ్ళలేదు. క్యారేజీ పిడిని అటూ ఇటూ తిప్పింది.

"నాకింకా కోపం పోలేదు. నీ మీద ఎంతుందో ఆయన మీద కూడా అంతే ఉంది. నాలుగు రోజులు నాతో ఒక్క ముక్క చెప్పకుండా అలా కూర్చున్నాడు. తెల్లారి టేపు తీసుకుని పోతుంటే ఎక్కడికని అడిగితే, పాల కోసమంటాడు."

గడియారమ్మకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "అన్నయ్య నా ఫోన్ ఎత్తట్లేదు వదినా."

"గోదాములో ఫోన్ సరిగ్గా పనిచేయదు. అది నిజమో సాకో నాకూ తెలీదు." వదిన రోడ్డు వైపు చూసింది. "నీకు సెలవు దొరుకుతుందా ఇవాళ?"

పదీ అయిదు బస్సు మలుపు తిరుగుతోంది. గడియారమ్మ పక్క బల్ల గుమాస్తాకు ఒక మాట చెప్పి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని బయటికి వచ్చింది. అన్నయ్య ఎదురుపడితే మొదటి మాట ఏమనాలో స్టేషన్ దాకా ఆలోచించింది. ఏమీ తోచలేదు. రైలు సరైన వేళకే వచ్చింది. ఇద్దరూ ఎక్కారు.