మందు కొట్టిండు

ఆ పొద్దున సింధూజ నోరు మూసుకుని కాలేజీకి పోయి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు. కానీ ఊరుకునే నోరా అది? వారం రోజులుగా నల్లులు. పరుపులో నల్లులు, గోడ పగుళ్లలో నల్లులు, ఆఖరికి జువాలజీ రికార్డు అట్టలో కూడా నల్లులే. సూరత్ నవాగామ్‌లో వాళ్లకున్నది ఒకటే గది. పారిపోదామన్నా ఇంకో గది లేదు.

"నాయినా, ఇయ్యాల నాకు వైవా ఉన్నది. కంటి మీద కునుకు లేదు. ఏదన్న మందు కొట్టరాదు?" అని విసుక్కుని, జడ సగం అల్లుకుంటూనే బస్సుకు పరుగెత్తింది.

బక్కయ్య తల ఊపాడు. ఇరవై ఏళ్లుగా సూరత్‌లో సాంచాలు నడుపుతున్న మనిషి. ఆ మరమగ్గాల మోతకు చెవులు సగం పోయాయి గానీ, బిడ్డ మాట మాత్రం ఎంత మెల్లగా అన్నా వినబడుతుంది. తాగుడు మానింది కూడా ఆ బిడ్డ మాట మీదే. రెండేళ్ల కిందట ఆమె పరీక్ష రోజునే తాగి మోరీ పక్కన పడిపోతే, హాల్ టికెట్ చేతిలో పట్టుకుని ఆమే పోయి లేపుకొచ్చింది. "ఇంకోసారి తాగితే నేను నీ బిడ్డను కాను" అంది. అంతే, మళ్లీ ముట్టలేదు. పేరుకు గుజరాత్‌లో దారూ బందే కానీ, తాగాలనుకునేవాణ్ని ఏ బందు ఆపింది? ఆయన తనంతట తానే ఆగాడు.

వైవా బ్రహ్మాండంగా జరిగింది. మేడమ్ బొద్దింక పటం ముందు పెట్టి, నరాల తాడు ఎక్కడుంటుందని అడిగింది. మనలా వీపున కాదు, పొట్ట వైపు ఉంటుందని, కణుపు కణుపుకూ ఒక నాడీముడి ఉంటుందని, అందుకే తల తెగినా బొద్దింక కొన్నాళ్లు నడుస్తుందని సింధూజ గడగడా చెప్పింది.

"ఒక నరం నుంచి ఇంకో నరానికి కబురెట్లా పోతుంది?"

"మధ్యలో సందు ఉంటుంది మేడమ్. ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఆ సందు దాటి కబురు అందిస్తుంది. అందించగానే ఒక ఎంజైమ్ వచ్చి దాన్ని ముక్కలు చేస్తుంది. కొన్ని పురుగుమందులు ఆ ఎంజైమ్‌నే కట్టేస్తాయి. ఇక కబురు ఆగదు. పురుగు వణికి వణికి చస్తుంది."

"మనిషికి ఏమీ కాదా?"

"అవుతుంది మేడమ్. పురుగుకు ఆ రసాయనం తలలో, నరాల తాడులో పనిచేస్తుంది. మనిషికి కండరాల దగ్గర, గ్రంథుల దగ్గర కూడా అదే. చొల్లు, కన్నీళ్లు, చెమట ఆగవు. కంటిపాప చిన్నదైపోతుంది. ఒళ్లు అదురుతుంది. ఊపిరి తీసే కండరాలు చేతులెత్తేస్తాయి."

"శాబాష్" అంది మేడమ్.

ఆ శాబాష్ చెవిలో ఉండగానే ఫోన్ మోగింది. తల్లి బాలవ్వ. రింగ్ రోడ్ మార్కెట్‌లో చీరలు మడతపెట్టే పనిలో ఉంటుంది.

"బిడ్డా, మీ నాయిన మందు కొట్టిండట! కార్ఖానాల పడ్డడట. లింగం కాక మనింటికి తోల్కపోయిండు. నేను బయలెల్లుతున్న గని ఈడ ట్రాఫిక్ జామున్నది. నువ్వు జర జల్ది పో."

సింధూజకు ఒళ్లు మండిపోయింది. రెండేళ్లు! రెండేళ్ల ఒట్టు, ఇవాళే, మళ్లీ పరీక్ష రోజే గంగలో కలిసింది.

"పండనియ్యే అవ్వా. దిగినంక లేస్తడు" అని ఫోన్ కట్ చేసి, స్విచ్ఛాఫ్ చేసి పారేసింది.

క్యాంటీన్‌లో చాయ్ తీసుకుంది. రెండు గుక్కలు తాగి వదిలేసింది. కూర్చుంటే కాలు ఊగుతోంది, లేస్తే ఎటు పోవాలో తెలియడం లేదు. లైబ్రరీ దాకా పోయి, మెట్లెక్కకుండానే తిరిగొచ్చింది. స్నేహితురాలు పలకరిస్తే కసురుకుంది. అలా గంట గడిచింది. ఆ గంటను ఆమె ఇప్పటికీ క్షమించుకోలేదు. చివరికి ఆటో ఎక్కి, దారి పొడుగునా తండ్రిని ఏమని తిట్టాలో మాటలు పేర్చుకుంది. అన్నీ పదునైన మాటలే.

గది తలుపు దగ్గరగా వేసి ఉంది. గడప మీద లింగం కూర్చున్నాడు. పక్క సాంచా నడిపేవాడు, బక్కయ్యను సొంత అన్నలా చూసుకుంటాడు.

"బయటోల్లకు చెప్పలే బిడ్డా. పోలీసోల్లకు తెలిస్తే పరేషాన్. మజ్జిగ తాగిపిచ్చిన, అంత కక్కిండు."

సింధూజ తలుపు నెట్టింది. పేర్చుకున్న మాటల్లో మొదటిది నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

తండ్రి నేల మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. నోటి నుంచి చొల్లు కారుతోంది. కళ్ల నుంచి నీళ్లు. చొక్కా చెమటకు ముద్దయింది. పిక్కల్లో చర్మం కింద కండ చిటుకు చిటుకుమని అదురుతోంది. ఆమె మోకాళ్ల మీద కూలబడి కనురెప్ప ఎత్తింది. కంటిపాప ఆవగింజంత ఉంది.

గదిలో సారా వాసన లేదు. వెల్లుల్లి లాంటి ఘాటు వాసన ఉంది. పరుపు గోడకు నిలబెట్టి ఉంది. మూలన నీళ్ల సీసా, మూతకు మేకుతో పొడిచిన చిల్లులు. దాని పక్కనే ఊరి నుంచి తెచ్చి అటక మీద దాచిన పత్తి మందు డబ్బా.

"కాకా, నాయిన నీతోని ఏమన్నడు? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"ఏమంటడు? తూలుకుంట వచ్చిండు. ఏందన్నా గిట్లున్నవంటే, 'మందు కొట్టిన లింగం, తలకాయ తిరుగుతంది' అన్నడు. కార్ఖానా మాస్టరు అడిగితే 'దారూ పియా' అని చెప్పిన. ఇంటికి తీస్కపొమ్మన్నడు."

"నాయిన తాగలే కాకా! నల్లులకు కొట్టిండు! నేనే కొట్టమన్న!" అని అరిచింది. ఆ అరుపు ఆమెకే భయం పుట్టించింది.

లింగం తల బాదుకున్నాడు. "మందు కొట్టిన అంటే... అయ్యో, నా నోట్ల మన్నువడ!"

"ఏడ్వకు. నాయిన లోపట సాంచా బందు చేసే మీటే ఇరిగిపోయింది. ఆపకుంటే దమ్మే ఆగిపోతది. ఆటో తీస్కరా!"

చేతులకు ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుని, మందు పీల్చిన ఆ చొక్కాను కత్తెరతో చీల్చి తీసేసింది. సబ్బు నీళ్లతో ఛాతీ, చేతులు కడిగింది. ఆ కాసేపూ ఆయన ఊపిరి గురగురమంటూ, ఆగుతూ, మళ్లీ వస్తూ ఉంది. అది ఆగినప్పుడల్లా ఆమె చేయి కూడా ఆగింది. డబ్బాను మరో కవర్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చుంది.

ఆసుపత్రిలో డాక్టర్ కుర్రవాడు. లింగం అలవాటు కొద్దీ "మందు కొట్టిండు సాబ్, దారూ..." అని మొదలుపెట్టబోయాడు. సింధూజ అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టేసింది.

"దారూ నహీ. జెరీ దవా."

డాక్టర్ ముఖం మారింది. జెరీ దవా అంటే విషపు మందు. గుజరాతీలో ఆ రెండు మాటలు వింటే ఎవరికైనా ముందు ఆత్మహత్యే తోస్తుంది. "పీధీ?" అన్నాడు. తాగాడా అని.

"పీధీ నథీ సాహెబ్, ఛాంటీ." తాగలేదు, చల్లాడు. చూశారా, గుజరాతీలో తాగడానికి ఒక మాట, చల్లడానికి ఒక మాట. తెలుగులో మనం రెంటినీ కొట్టేస్తాం. డబ్బా బల్ల మీద పెట్టి, కంటిపాపలు చూడమంది. డాక్టర్ టార్చి వేసి ఒక్కసారి చూసి, నర్సును కేకేశాడు. అట్రోపిన్ సూది వెంటనే పడింది. కాసేపటికి మళ్లీ, ఆ తర్వాత మళ్లీ.

"ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాణ్ని" అన్నాడు డాక్టర్ మెచ్చుకోలుగా. ఆమె తల దించుకుంది. ఒక గంట ఎక్కడ పోయిందో ఆమెకే తెలుసు.

బాలవ్వ వచ్చి గోడకు ఆనుకుని కూలబడింది. ఎవరూ అన్నం తినలేదు.

మూడో రోజు పొద్దున బక్కయ్య కళ్లు తెరిచి, ఎండిపోయిన నాలుకతో మొదటి మాట అన్నాడు.

"నేను తాగలే బిడ్డా."

తెలుసు నాయినా, అంటే సరిపోయేది. నోటి చివరనే ఉంది ఆ మాట. కానీ ఆయన ముందు అబద్ధం ఆడలేకపోయింది.

"తెల్వలే నాయినా. తాగినవనే అనుకున్న. అవ్వ ఫోన్ జేస్తే బందు చేసుకున్న. గంట సేపు రాలే."

ఆయన సూది గుచ్చిన చేయి మెల్లగా జరిపి, ఆమె మణికట్టు పట్టుకుని తిప్పి చూశాడు. నల్లి కాట్ల దద్దుర్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"సావలేదా అవి?" అన్నాడు దిగులుగా. "పరుపు కింద ఇంకోసారి కొట్టాల్సింది."